ఇరాన్ కిరాయి ముఠానా, ఇరాక్ సైనికులా? బదర్ దళం గురించి ఒక పాఠకుడికి సమాధానం

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. 2013 చివరి నుంచి 2015 వరకు ఇరాక్‌లోని కర్బలాలో ఒక భవన నిర్మాణ సైటులో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. 2014 జూన్‌లో మోసుల్ పడిపోయిందన్న వార్త వచ్చిన వారం నుంచి పట్టణంలో పికప్ బండ్ల నిండా తుపాకులతో కుర్రవాళ్లు తిరగడం మొదలైంది. రకరకాల జెండాలు కనిపించేవి. మా ఫోర్‌మన్ ఒక జెండాను చూపించి, వీళ్లు బదర్ వాళ్లు, పాతకాపులు అనేవాడు. మా సైటుకు సిమెంటు తెచ్చే లారీ డ్రైవరు కొడుకు కూడా పేరు రాయించుకుని వెళ్లాడు. కొన్ని నెలలకు కారు టాపు మీద తాళ్లతో కట్టిన శవపేటికలో తిరిగి వచ్చాడు. ఆ రోజుల సంగతులన్నీ పిల్లల కోసం ఇప్పుడు ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. హైదరాబాద్‌లో రాజనీతి శాస్త్రంలో పీజీ చేస్తున్న మా మేనల్లుడు అది చదివి, నేను ‘సైనికులు’ అని రాసిన ప్రతిచోటా ఎర్ర సిరాతో కొట్టేసి ‘ఇరాన్ కిరాయి ముఠా’ అని రాశాడు. మా క్యాంపు దాకా ఐసిస్ రాకుండా ఆపినవాళ్లను ముఠా అని రాయడానికి నాకు చేతులు రావడం లేదు. వాడు చదువుకున్నవాడు, వాడి మాట తీసేయడానికీ ధైర్యం చాలడం లేదు. అసలు వీళ్లు ఎవరు, ఎవరి మనుషులు? నేను ఏ మాట రాయాలి?

సమాధానం: మీ మేనల్లుడు కొట్టేసిన మాటా, దాని పైన రాసిన మాటా రెండూ ఒకే పొరపాటు మీద నిలబడి ఉన్నాయని నాకు అనిపిస్తోంది. నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్న ఒక సంస్థకు మొదటి రోజు నుంచి నేటి దాకా ఒకే పేరు సరిపోతుందనుకోవడమే ఆ పొరపాటు. బదర్ దళం 1983లో ఉన్నట్టు 2005లో లేదు, 2005లో ఉన్నట్టు మీరు చూసిన 2014లో లేదు. పైగా ఆ వేసవిలో కర్బలా వీధుల్లో మీకు కనిపించినవారందరూ బదర్ వాళ్లు కారు, ఆ లారీ డ్రైవరు కొడుకు కూడా బహుశా కాకపోవచ్చు. అందుకే కథను మొదటి నుంచి చెబుతాను, మాటల సంగతి దానివెంటే తేలుతుంది.

ఈ కథ ఒక కాగితం దగ్గర మొదలవుతుంది. ఇరాక్ దేశం ఏర్పడిన కొత్తలో, 1924లో వచ్చిన పౌరసత్వ చట్టం జనాన్ని రెండు రకాలుగా రాసుకుంది. తాతముత్తాతలు ఉస్మానియా, అంటే టర్కీ సుల్తాను ప్రజలుగా నమోదై ఉంటే ఒక రకం, ఇరాన్ ప్రజలుగా నమోదై ఉంటే మరో రకం. ఉస్మానియా సైన్యంలో నిర్బంధ సేవ తప్పించుకోవడానికి ఇరాన్ ప్రజలమని రాయించుకున్న కుటుంబాలు దక్షిణ ఇరాక్‌లో, బగ్దాద్‌లో ఎన్నో ఉండేవి. ఆ ముక్క అర శతాబ్దం పాటు ట్రంకుపెట్టెల అడుగున ఎవరికీ పట్టకుండా పడి ఉంది. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చి ఖొమేనీ అధికారంలోకి రాగానే, సద్దాం హుస్సేన్ ప్రభుత్వానికి ఆ ముక్క ఒక్కసారిగా ఆయుధంగా కనిపించింది. 1980 ఏప్రిల్ నుంచి షియా కుర్దులైన ఫైలీలను, ‘ఇరాన్ మూలం’ ఉందని ముద్ర పడిన అరబ్బు కుటుంబాలను ఇళ్ల నుంచి, దుకాణాల నుంచి పట్టుకుని లారీల్లో సరిహద్దుకు తరలించి, కట్టుబట్టలతో ఇరాన్ వైపు నడిపించారు. అదే ఏడాది మే 7న వచ్చిన 666వ నంబరు ఉత్తర్వు వారి పౌరసత్వాన్ని రద్దు చేసింది. కుటుంబాలను అవతలికి నెట్టి, పడుచు వయసు మగపిల్లలను మాత్రం ఇవతల జైళ్లలో ఉంచుకున్నారు. వారిలో వేలమంది మళ్లీ కనిపించలేదు. మీ మేనల్లుడికి ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పండి. ఇరాన్ చేతికి ఇరాకీ కుర్రవాళ్లు ఎలా చిక్కారన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది: వాళ్లను సొంత ప్రభుత్వమే తీసుకెళ్లి ఇరాన్ గుమ్మంలో దింపింది.

మిగతా సగం షియాల మతవిద్యకు కేంద్రమైన నజఫ్ నగరంలో ఉంది. షియా పండితుల్లో ఆ తరానికి మహామేధావిగా పేరున్న ముహమ్మద్ బాఖిర్ అల్-సద్ర్‌ను, ఆయన చెల్లెలు, రచయిత్రి బింత్ అల్-హుదాను 1980 ఏప్రిల్‌లో ప్రభుత్వం చంపేసింది. ఆయన భావాల చుట్టూ పెరిగిన దావా పార్టీలో సభ్యత్వం ఉండటమే మరణశిక్షకు తగిన నేరమైంది. ఆయన అనుచరుల్లో ఒకరైన ముహమ్మద్ బాఖిర్ అల్-హకీమ్ దేశం విడిచి ఇరాన్ చేరుకున్నారు. ఈయన తండ్రి ముహ్‌సిన్ అల్-హకీమ్ ఒకప్పుడు నజఫ్ మతపీఠానికి పెద్ద. 1980 సెప్టెంబరు 22న సద్దాం ఇరాన్ మీద యుద్ధం మొదలుపెట్టాడు. 1982 నవంబరులో టెహ్రాన్‌లో, ఇరాన్ ప్రభుత్వ ప్రోద్బలంతో, ‘ఇరాక్ ఇస్లామిక్ విప్లవ సుప్రీం కౌన్సిల్’ ఏర్పడింది, కొద్దికాలానికి హకీమ్ దాని నాయకుడయ్యారు. ఆ కౌన్సిల్‌కు సాయుధ విభాగంగా పుట్టిందే బదర్. క్రీ.శ. 624లో మక్కా సేనను ముహమ్మద్ ప్రవక్త వర్గం చిన్న బలగంతో ఓడించిన బదర్ యుద్ధం పేరు దానికి పెట్టుకున్నారు. హకీమ్ కుటుంబం దీనికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1983 మేలో ఆ వంశంలో తొంభై మంది దాకా మగవాళ్లను ఇరాక్ పోలీసులు పట్టుకున్నారు, ఆరుగురిని వెంటనే చంపారు, ఆ తర్వాత మరికొందరిని చంపారు. ముహమ్మద్ బాఖిర్ సోదరుడు మహదీ 1988 జనవరిలో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో హత్యకు గురయ్యాడు. ఇలాంటి మనుషులను ‘కిరాయి’ అనే మాట పట్టలేదు. కిరాయివాడికి శత్రువు ఎవరైనా ఒకటే, డబ్బు ముఖ్యం. వీళ్లకు శత్రువు ఎవరో ముందే తెలుసు, డబ్బు తర్వాత వచ్చింది.

అయితే ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో దాచడం కూడా తప్పే. తుపాకీ, జీతం, శిక్షణ, దుస్తులు అన్నీ ఇరాన్ విప్లవ రక్షక దళానివి. బలగం బ్రిగేడ్ నుంచి డివిజన్‌గా, ఆపై కోర్‌గా పెరిగినా తొలి ఏళ్లలో దాని సేనానులు ఇరానీలే. వారిలో ఒకడైన ఇస్మాయిల్ దఖాయెఖీ 1987లో బస్రా వైపు జరిగిన పోరులో చనిపోయాడు, ఇరాన్‌లో ఆయనను ఇరాన్ అమరవీరుడిగానే స్మరిస్తారు. దళంలో బహిష్కృతులతో పాటు మరొక రకం మనుషులు కూడా ఉన్నారు, వాళ్ల గురించి రాసేటప్పుడు నా కలం నెమ్మదిస్తుంది. యుద్ధంలో ఇరాన్‌కు పట్టుబడిన ఇరాక్ సైనికుల్లో షియాలను శిబిరాల్లోనే కూడగట్టి, వారిలో కొందరిని బదర్‌లో చేర్చుకున్నారు. వారిని ‘తవ్వాబీన్’ అన్నారు, అంటే పశ్చాత్తాపపడినవారు. ఆ మాట ఊరికే ఎంచుకున్నది కాదు. కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్‌ను ఒంటరిగా వదిలేసినందుకు కుమిలిపోయి, కొన్నేళ్ల తర్వాత ప్రాణాలకు తెగించి లేచిన కూఫా వాసులను చరిత్ర ఆ పేరుతోనే పిలుస్తుంది. మన పల్లెల్లో పీర్లు ఎత్తుకుని తిరుగుతూ హసన్ హుస్సేన్ పేర్లు తలచుకోవడం చూసినవారికి, పైగా కర్బలాలో ఉండి వచ్చిన మీకు, ఆ పేరు ఒక షియా గుండెలో ఎంత లోతుకు దిగుతుందో నేను చెప్పనక్కరలేదు. కానీ ముళ్లకంచె లోపల, ఆకలితో ఉన్న ఒక ఖైదీ పశ్చాత్తాపపడ్డానని చెప్పినప్పుడు అందులో నమ్మకం ఎంత, బయటపడాలన్న తపన ఎంత అన్నది ఆ ఖైదీకి తప్ప ఎవరికీ తెలియదు.

వాళ్లు కాల్చింది ఎవరిని? ఇరాక్ సైన్యంలో ముందు వరుసల్లో నిలబెట్టిన మామూలు సిపాయిల్లో ఎక్కువమంది దక్షిణాది షియా పల్లెల నుంచి నిర్బంధంగా తెచ్చినవారే. బస్రా దగ్గరి చిత్తడి నేలల్లో, ఉత్తరాన కుర్దిస్తాన్ కొండల్లో బదర్ మనుషులు తుపాకీ గురిపెట్టినప్పుడు ఎదుట ఉన్నది చాలాసార్లు సొంత ఊరివాడో, సొంత మతశాఖవాడో. ఎనిమిదేళ్ల ఆ యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న నాసిరియా తల్లికి, బదర్ అంటే నిరంకుశుడిని ఎదిరించిన దళమని ఎంత చెప్పినా, కొడుకును చంపిన వైపు నిలిచినవాళ్లన్న మాట చెరిగిపోదు. ఇరాక్ షియాల్లోనే బదర్ మీద ఈనాటికీ ఉన్న అనుమానానికి వేరు ఇదే. అవతలి వైపు సద్దాం కూడా ఇదే పని చేశాడన్నది నిజం. ఇరాన్ ప్రభుత్వాన్ని ఎదిరించిన ముజాహిదీనె ఖల్క్ వాళ్లకు దియాలా ప్రాంతంలో అష్రఫ్ శిబిరం ఇచ్చి, వాళ్లతో ఇరాన్ మీద దాడులు చేయించాడు. పొరుగువాడి ఇంటి గొడవలో అలిగి వచ్చినవాడికి అన్నం పెట్టి, అతని చేతికే కర్ర ఇచ్చి పంపడం ఆ యుద్ధంలో ఇద్దరూ నేర్చిన విద్య.

1991లో కువైట్ నుంచి ఓడి తిరిగివచ్చిన సైన్యం బస్రాలో తిరగబడింది, మార్చి నెలంతా దక్షిణాది పట్టణాలు మండిపోయాయి, మీరు ఉన్న కర్బలా కూడా. సరిహద్దు దాటి బదర్ మనుషులు కొందరు వచ్చారు, వాళ్ల వెంట ఖొమేనీ, హకీమ్ చిత్రాలు వచ్చాయి. ఇరాన్ తన సైన్యాన్ని మాత్రం పంపలేదు. తిరుగుబాటును సద్దాం అణిచేశాడు. ఆ చిత్రాలు చూసి అమెరికా వెనక్కి తగ్గిందని, సున్నీ ప్రాంతాలు బెదిరాయని, ఇవి లేకుంటే తిరుగుబాటు గెలిచేదని దక్షిణాదిలో చాలామంది చెబుతారు. వచ్చినవాళ్లు కొద్దిమందేనని, చిత్రాల మీదికి నెపం నెట్టి వదిలేసింది పెద్ద దేశాలేనని బదర్ వాళ్లు అంటారు. వేలమంది సామూహిక గోతుల్లోకి వెళ్లారన్నదాంట్లో మాత్రం ఇరువైపులా రెండో మాట లేదు.

2003 దగ్గరకు వచ్చేసరికి ఈ కథ ఎవరూ ఊహించని మలుపు తీసుకుంటుంది. ఇరాన్ ఇరవై ఏళ్లు పెంచిన సంస్థ తరఫున ముహమ్మద్ బాఖిర్ తమ్ముడు అబ్దుల్ అజీజ్ అల్-హకీమ్ 2002 ఆగస్టులోనే వాషింగ్టన్ వెళ్లి అమెరికా అధికారులతో మాట్లాడి వచ్చాడు. అమెరికా దాడితో సద్దాం కూలిపోయాక 2003 మేలో ముహమ్మద్ బాఖిర్ బస్రా మీదుగా నజఫ్ చేరారు, ఇరవై ఏళ్లకు పైబడిన ప్రవాసం తర్వాత. ఆగస్టు 29న, ఇమామ్ అలీ సమాధి మందిరంలో శుక్రవారం ప్రార్థన చేయించి బయటికి వస్తుండగా కారు బాంబు పేలింది. ఆయనతో పాటు ఎనభై మందికి పైగా చనిపోయారు. తమ్ముడు నాయకుడయ్యాడు, అమెరికా నియమించిన పాలక మండలిలో అప్పటికే సభ్యుడు. బదర్ కూడా పేరు మార్చుకుని, పునర్నిర్మాణం కోసం, అభివృద్ధి కోసం పనిచేసే సంస్థనని చెప్పుకుంది. ఒకేసారి టెహ్రాన్‌కు ఆప్తుడు, వాషింగ్టన్‌కు భాగస్వామి. ఇరాన్ ఆడించినట్టల్లా ఆడే బొమ్మ అన్న లెక్కలో ఇది ఇమడదు. తమ దేశంలో అధికారం దొరికే దారి కనిపించినప్పుడు వీళ్లు తమ లెక్క తాము వేసుకున్నారు, ఆ లెక్క ఇరాన్‌కూ గిట్టుబాటైంది కాబట్టే అది అడ్డుపడలేదు.

ఇక మీ నోట్‌బుక్‌లో మీరు తప్పించుకోకూడని భాగం ఇది. 2005 ఎన్నికల తర్వాత సుప్రీం కౌన్సిల్ నేత బయాన్ జబ్ర్ అంతర్గత వ్యవహారాల మంత్రి అయ్యాడు. బదర్ మనుషులు పెద్దసంఖ్యలో పోలీసు, కమాండో దళాల్లో చేరారు. యూనిఫాం ప్రభుత్వానిది, జీతం ప్రభుత్వానిది, విధేయత మాత్రం పాతదే. ఆ ఏడాది నవంబరులో బగ్దాద్‌లోని జాద్రియా ప్రాంతంలో, ఆ మంత్రిత్వ శాఖ నడుపుతున్న ఒక రహస్య నేలమాళిగను అమెరికా సైనికులు కనిపెట్టారు. లోపల దాదాపు 170 మంది ఖైదీలు, ఎక్కువమంది సున్నీలు. ఒంటి మీద కొట్టిన గుర్తులతో, ఎముకలు తేలిన శరీరాలతో బయటికి వచ్చారు. చెడ్డ పనులు కొద్దిమందివేనని, విషయాన్ని పెద్దది చేస్తున్నారని మంత్రి అన్నాడు. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల అస్కరీ మందిరం గుమ్మటాన్ని అల్-ఖైదా పేల్చేసిన తర్వాత బగ్దాద్‌లో పొద్దున్నే వీధుల్లో శవాలు తేలడం నిత్యకృత్యమైంది. యూనిఫాంలో వచ్చి, ప్రభుత్వ వాహనంలో ఎక్కించుకుని పోయినవాళ్లు తిరిగి రాలేదని చెప్పిన కుటుంబాలు ఎన్నో. ఒకప్పుడు తమ అన్నదమ్ములను లారీల్లో ఎక్కించి తీసుకుపోయినవాళ్ల చేతిలో నష్టపోయినవారు, పాతికేళ్లకు మరొకరి అన్నదమ్ములను అలాగే తీసుకుపోయారు. మొదటి సంగతి తెలిసినవారికి రెండోది ఇంకా ఎక్కువ బాధ కలిగించాలి. మొదటిది చెప్పి రెండోదాన్ని మాఫీ చేయడం నాకు చేతకాదు, మీరూ చేయవద్దు.

అన్ని షియా దళాలనూ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. సద్దాం కాలమంతా దేశంలోనే ఉండి కష్టాలు పడ్డ పేదల నుంచి షియా మతనేత ముఖ్తదా అల్-సద్ర్ ‘మహదీ సైన్యం’ అనే సాయుధ దళాన్ని 2003లో కట్టాడు. ఆ వర్గానికి బదర్ వాళ్లు విదేశం నుంచి వచ్చి కుర్చీలెక్కినవాళ్లు. 2007 ఆగస్టులో మీ కర్బలాలోనే, యాత్రికులతో నిండిన సమయంలో, మహదీ సైన్యానికీ హకీమ్ పక్షానికి దగ్గరైన మందిర రక్షకులకూ మధ్య కాల్పులు జరిగి దాదాపు యాభై మంది చనిపోయారు. మీ ఫోర్‌మన్‌కు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

2012లో బదర్ తన మాతృసంస్థ నుంచి విడిపోయింది. అప్పటికి దాని నాయకుడు హాదీ అల్-ఆమిరీ, దియాలావాడు, ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఇరాన్ పక్షాన పోరాడినవాడు, అప్పుడు ఇరాక్ రవాణా శాఖ మంత్రి. రెండేళ్లు తిరిగేసరికి, 2014 జూన్ 10న మోసుల్ ఐసిస్ చేతిలో పడిపోయింది, సైన్యం చెదిరిపోయింది. మూడో రోజు, జూన్ 13న, మీరున్న కర్బలాలోనే శుక్రవారం ప్రార్థనలో, నజఫ్‌లోని షియా పెద్ద మతగురువు అయతొల్లా సిస్తానీ పిలుపును ఆయన ప్రతినిధి చదివి వినిపించారు. మీ లారీ డ్రైవరు కొడుకు పేరు రాయించుకున్నది ఆ పిలుపు విన్నాకే అయి ఉండాలి. ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది, అదే మీ ప్రశ్నకు కీలకం. సిస్తానీ చెప్పింది ఆయుధం పట్టగలవారు ప్రభుత్వ భద్రతా దళాల్లో చేరమని. ఆ దళాలు అప్పటికి చేర్చుకునే స్థితిలో లేవు. లక్షలాదిగా కదిలిన కుర్రవాళ్లకు తుపాకీ ఇచ్చి, బండి ఎక్కించి, అన్నం పెట్టే ఏర్పాటు ముందే సిద్ధంగా ఉన్నది బదర్, దాని కోవకు చెందిన దళాల దగ్గరే. పిలుపు నజఫ్‌ది, పగ్గాలు చాలాచోట్ల ఇరాన్‌కు దగ్గరివాళ్లవి. మీ ఫోర్‌మన్ ‘పాతకాపులు’ అన్నది అందుకే.

సిస్తానీ పుట్టింది ఇరాన్‌లోని మష్హద్‌లో. ఆమిరీ పుట్టింది ఇరాక్‌లో. పుట్టుకను బట్టి చూస్తే ఇరాన్ మనిషి మొదటాయన కావాలి. కానీ మతపండితుడే దేశాన్ని ఏలాలన్న ఖొమేనీ సిద్ధాంతాన్ని సిస్తానీ తన బోధలోకి తీసుకోలేదు, ఇరాన్ మాటకు తల ఊపలేదు. ఆమిరీ సంస్థ ఆ సిద్ధాంతం నీడలో పెరిగింది. ‘షియా కాబట్టి ఇరాన్ వైపు’ అని ఎవరైనా తేల్చేస్తే ఈ ఇద్దరి పేర్లు చెప్పండి.

ఆ కుర్రవాళ్లు చేసిన మేలు నిజమైనది. రెండున్నర నెలలు చుట్టుముట్టి ఉన్న ఆమెర్లీ పట్టణంలో షియా తుర్కమెన్ కుటుంబాలు చేతికి దొరికిన తుపాకులతో నిలబడితే, ఆగస్టు చివర ఆ దిగ్బంధాన్ని తొలగించినవాళ్లలో బదర్ ముందుంది. పైన అమెరికా విమానాలు, కింద ఇరాన్ సలహాదారులు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఒకే శత్రువును కొట్టారు. మోసుల్‌లో పట్టుబడిన మన దేశపు కూలీల్లో 39 మందిని ఐసిస్ చంపిందని 2018 మార్చిలో ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన సంగతి మీకు తెలుసు. ఆ కత్తి కర్బలా దాకా రాకుండా ఎవరో అడ్డుపడ్డారన్న మీ కృతజ్ఞతలో తప్పు లేదు.

అదే కాలంలో, కర్బలాకు ఈశాన్యాన, యాత్రికుల దారికి దగ్గర్లో ఉన్న జుర్ఫ్ అల్-సఖర్ అనే సున్నీ పట్టణాన్ని అక్టోబరులో ఐసిస్ నుంచి విడిపించారు. పేరును ‘జుర్ఫ్ అల్-నస్ర్’ అని, అంటే విజయపు గట్టు అని మార్చారు. అక్కడి జనాన్ని మాత్రం మళ్లీ రానివ్వలేదు, ఏళ్లు గడిచినా ఆ తోటలు, ఇళ్లు సాయుధుల చేతుల్లోనే ఉన్నాయి. 2015 జనవరిలో ఆమిరీ ఆధ్వర్యంలో పోరు జరుగుతున్న దియాలాలో, బర్వానా అనే ఊళ్లో 70 మందికి పైగా సున్నీ మగవాళ్లను ఇళ్ల నుంచి పిలిచి కాల్చి చంపారు. బతికినవారు షియా సాయుధులను, వారి వెంట ఉన్న ప్రభుత్వ బలగాలను వేలెత్తి చూపారు. కర్బలాలో ఉన్న మీకు ఇవేవీ కనబడకపోవడం సహజం. మీరు చూడనంత మాత్రాన అవి మీ కాలంలో జరగనివి కావు.

మీరు తిరిగివచ్చాక జరిగింది క్లుప్తంగా చెబుతాను. 2016 నవంబరు 26న ఇరాక్ పార్లమెంటు చట్టం చేసి ఈ దళాలన్నింటినీ ‘హష్ద్ అల్-షాబీ’, అంటే ప్రజాసమీకరణ దళం అన్న పేరుతో ప్రభుత్వ సాయుధ బలగాల్లో భాగంగా గుర్తించింది. జీతాలు ఇరాక్ బడ్జెట్ నుంచి వస్తున్నాయి. 2018 ఎన్నికల్లో ఆమిరీ నడిపిన ఫతహ్ కూటమికి 48 సీట్లు వచ్చి రెండో స్థానంలో నిలిచింది. 2019 అక్టోబరులో నిరుద్యోగం, అవినీతి మీద యువకులు రోడ్డెక్కారు. ఎక్కువగా షియా పిల్లలే, కర్బలా, నజఫ్, నాసిరియాల్లో. ‘మాకొక దేశం కావాలి’ అన్నది వాళ్ల నినాదం. ఇరాన్ వెళ్లిపోవాలని అరిచారు, నజఫ్‌లో ఇరాన్ కాన్సులేటుకు నిప్పుపెట్టారు, దక్షిణాదిలో పలుచోట్ల బదర్ కార్యాలయాలు కూడా తగలబడ్డాయి. ఐదు వందల మందికి పైగా నిరసనకారులు చనిపోయారు. 2020 జనవరి 3న బగ్దాద్ విమానాశ్రయం దగ్గర అమెరికా డ్రోన్ దాడిలో ఇరాన్ సేనాని కాసిం సులేమానీతో పాటు చనిపోయిన అబూ మహదీ అల్-ముహందిస్ ఒకప్పటి బదర్ సేనానే, అప్పటికి హష్ద్ ఉపాధ్యక్షుడు. ఆ ఏప్రిల్‌లో సిస్తానీకి విధేయంగా ఉన్న మందిరాల దళాలు నాలుగు హష్ద్ అజమాయిషీ నుంచి తప్పుకుని నేరుగా ప్రధానమంత్రి కిందికి వెళ్లాయి. 2014లో పిలుపుకీ పగ్గాలకీ మధ్య ఉందని నేను చెప్పిన తేడా ఆరేళ్లకు అలా బయటపడింది. 2021 ఎన్నికల్లో ఫతహ్ 17 సీట్లకు దిగిపోయింది.

ఇప్పుడు మాటల సంగతి. ‘సైనికులు’ అని రాస్తే చదివే పిల్లలు ఇరాక్ ప్రభుత్వ సైన్యం అనుకుంటారు. 2014లో వీళ్లకు ఇంకా ఆ చట్టబద్ధత లేదు, కాబట్టి మీ మేనల్లుడు ఆ మాట కొట్టేయడం సబబే. కానీ దాని స్థానంలో పెట్టిన రెండు మాటలూ నిలవవు. ‘కిరాయి’ ఎందుకు కాదో పైన చెప్పాను. ‘ముఠా’ అంటే మనకు దోపిడీకి కూడినవాళ్లు, ఎన్నికల్లో గెలిచి మంత్రులైన, చట్టం జీతమిచ్చే సంస్థకు అది అతకదు. వార్తల్లో వాడే ‘పారామిలటరీ’ ఇంకా చిక్కు తెస్తుంది, మన దగ్గర ఆ మాట వింటే ఎన్నికల బందోబస్తుకు వచ్చే సీఆర్‌పీఎఫ్ జవాన్లు కళ్ల ముందు కనిపిస్తారు. ఒట్టి ‘దళం’ అంటే మీ జిల్లాలో ఎవరికైనా అడవిలోని అన్నల దళమే గుర్తుకొస్తుంది. నన్నడిగితే మొదటిసారి ప్రస్తావించినచోట ‘ఇరాన్ అండతో, ఇరాకీ బహిష్కృతులతో ఏర్పడిన బదర్ సాయుధ దళం’ అని పూర్తిగా రాసి, తర్వాత ‘బదర్ వాళ్లు’ అని సరిపెట్టండి, మీ ఫోర్‌మన్ అన్నట్టే. సిస్తానీ పిలుపు విని కొత్తగా వెళ్లిన కుర్రవాళ్లను మాత్రం వేరు చేసి ‘వాలంటీర్లు’ అనండి. ఈ ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే, నలభై ఏళ్ల రాజకీయమంతా ఆ లారీ డ్రైవరు కొడుకు నెత్తిన వేసినట్టవుతుంది.

ఇంకొకటి, మీ కళ్లతో చూసింది ఒక పేజీలో, ఫోర్‌మన్ చెప్పగా విన్నది మరో పేజీలో రాయండి. మీ మేనల్లుడి ఎర్ర సిరా మీద కోపం పెట్టుకోవద్దు. జాద్రియా, బర్వానా సంగతులు అతనికి తెలిసి ఉంటాయి, అతను రాసిన మాటలోని కటువు అక్కడి నుంచి వచ్చింది. 1980లో లారీల్లో ఎక్కించిన కుటుంబాల సంగతి అతనికి మీరు చెప్పండి. ఎవరి మనుషులన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా, ఆ సంవత్సరంలో జీతం ఎవరిచ్చారు, ఆజ్ఞ ఎవరిచ్చారు, తుపాకీ ఎవరి వైపు తిరిగింది అన్న మూడు సంగతులు విడివిడిగా రాసుకుంటూ పోతే మీ ఇద్దరికీ వాదన తగ్గి పని పెరుగుతుంది.

ఇక ఆ కుర్రవాడి గురించి. నజఫ్‌లోని వాదీ అస్సలామ్ శ్మశానానికి ఆ రోజుల్లో అలా కార్ల మీద కట్టి తెచ్చిన పేటికల మీద కొన్నింటికి ఇరాక్ జాతీయ జెండా, కొన్నింటికి వాళ్లు చేరిన దళం జెండా కప్పి ఉండేవి. కొన్నింటికి రెండూ. మీరు చూసిన పేటిక మీద ఏది ఉందో గుర్తుంటే, ఏ రంగు, ఏ రాత, తాళ్లు ఎలా కట్టారు అన్నంతవరకు రాయండి. గుర్తు లేకపోతే పేటిక ఉందని మాత్రమే రాసి, జెండా ఊసు ఎత్తకుండా వదిలేయండి.